తోలు మీది బొమ్మల గురించి మా కుక్క అనుకున్నది

మా కుక్కకు బొమ్మలంటే ప్రాణమని మా వీధిలో పేరు పడింది. ఆ పేరు తెచ్చింది మా నాయన. ఆ తర్వాత దాన్ని దొంగ అన్నదీ మా నాయనే. రెండు మాటలూ నిజం కావు. కుక్కకు నోరు లేదు. నాకు ఉన్న నోరు నలుగురిలో పెగలదు. అందుకని రాస్తున్నాను.

నాయన గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. కొన్నేళ్ళకొకసారి బదిలీ అవుతుంటుంది. హిందూపురంలో ఉండగా బెల్లం మండీ దగ్గర ఒక కుక్కపిల్ల ఆయన సైకిలు వెంట పరుగెత్తుకుంటూ ఇంటిదాకా వచ్చేసింది. నల్లటిది. ఎడమ చెవి కాగితం మడిచినట్టు వాలి ఉంటుంది. పొమ్మన్నా పోలేదు, ఉండిపోయింది.

నాయనకు ఒకటే సరదా, బొమ్మ ఎంత చిన్నగా వేయగలనా అని. గోరంత గుర్రం వేసి, దాని మీద ఆవగింజంత తలతో మనిషిని కూర్చోబెట్టేవారు. ఉడుత తోక వెంట్రుకలు నాలుగైదు సన్నటి పుల్లకు కట్టి కుంచె చేసుకునేవారు. దాన్ని రంగులో ముంచి, మొన కుదరడానికి పెదవుల మధ్య పెట్టి తీసి, ఊపిరి బిగబట్టి గీసేవారు.

పెనుకొండకు మారాక కూడా ఇదే పని. అక్కడ దళసరి కాగితం మీద వేసేవారు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మా కుక్క ఆయన బల్ల దరిదాపులకు రాలేదు. ఇది ఎవరూ గుర్తు పెట్టుకోరు, నాకు బాగా గుర్తు. పగలంతా దానికి కొండ మీది కోతులతో తగువు, సాయంత్రం వాకిట్లో నిద్ర. ఒకసారి నాయన ఆరబెట్టిన కోట బొమ్మ మీదుగా నడిచి వెళ్ళిపోయింది. కాలికింద ఏముందో తల వంచి చూడనైనా లేదు. దాని కళాభిమానం అంత మాత్రం.

నేను ఎస్సెస్సెల్సీ ముగించిన ఏడాది ధర్మవరం వచ్చాం. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో తోలుబొమ్మలాట ఆడేవాళ్ళున్నారు. వాళ్ళు మేక తోలును గీకి గీకి, వెలుతురు ఇవతలికి వచ్చేంత పల్చన చేస్తారు. బొమ్మలు కోయగా మిగిలిన ముక్కలు నాయనకు దొరికాయి. వాటి మీద రంగు వేసి దీపం ముందు పెడితే గుర్రాలూ చిలకలూ లోపలినుంచి వెలిగినట్టు ఉండేవి. నాయన ఇక కాగితం ముట్టలేదు.

"కూడొండుకునే ఇంట్లో ఈ తోళ్ళేంది?" అని అమ్మ గొడవ చేసింది. నాయన వినలేదు.

మొదటి తోలు ముక్క ఇంట్లోకి వచ్చిన సాయంత్రమే కుక్క కూడా వచ్చి బల్ల పక్కన కూర్చుంది. మరునాడూ కూర్చుంది. నాయన పొంగిపోయారు. పక్కింట్లో మగ్గం నేసే పెద్దాయన వస్తే ఇదే మాట.

"చూడబ్బా, నేను కుంచె పట్టుకోంగానే ఈడికొచ్చి కూసుంటాది. కన్ను తిప్పదు. మనుషులకు యాడుండాది ఈ రుచి?"

"కుక్కై పుట్టింది గానీ, లేకుంటే మా మగ్గం కాడ అంచులకు రంగులు చెప్పేదప్పా!" అని పెద్దాయన నవ్వేవాడు.

వీళ్ళ మాటలు గుమ్మం వెనక నిలబడి వినేదాన్ని. కుక్క వైపు నుంచి ఒక్కసారి ఎవరైనా ఆలోచించారా? దానికి పొద్దున రాగి సంగటి, రాత్రి సంగటీ మజ్జిగ. అలాంటి ఇంటికి యజమాని మేక తోలు తెచ్చాడు. దాని ముందు కూర్చుని, ఒక పుల్లతో తోలును రాస్తాడు, పుల్లను నోట్లో పెట్టుకుంటాడు. మళ్ళీ రాస్తాడు, మళ్ళీ నోట్లో పెట్టుకుంటాడు. దీపం ఆర్పే దాకా ఒక్కడే రుచి చూసుకుంటాడు. పక్కనున్నదానికి తునకైనా విదిల్చడు. పైగా ఆ తోలును దాని ముక్కు ముందుకు తెచ్చి, "ఏమప్పా, ఎట్లుండాది? ఏనుగు కాలు సరిగా వచ్చిందా?" అని అడిగి, అది మూతి చాచేసరికి వెనక్కు లాక్కుంటాడు. రోజూ ఇదే ఎగతాళి. అయినా మా కుక్క నెలల తరబడి ఓర్చుకుంది. చొంగ కార్చుకుంటూ ఓర్చుకుంది. ఆ చొంగను కూడా నాయన ఆనందమే అనుకున్నారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ బొమ్మలన్నీ గుమ్మం దగ్గర నిలబడి నేనూ చూసేదాన్ని. ఏనుగు వెనక కాలు పొట్టిగా ఉందని నాకు తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు.

ఆ వేసవిలో నాయన ఒక పెళ్ళి ఊరేగింపు మొదలుపెట్టారు. అరచేతిలో పట్టేంత తోలు మీద పల్లకీ, దివిటీలు, డోళ్ళు కొట్టేవాళ్ళు. హిందూపురంలో పెట్టబోయే చిత్రాల ప్రదర్శనకు పంపాలని ఆశ. అది పూర్తయిన రోజు వరండా అరుగు మీద ఆరబెట్టి భోజనానికి లోపలికి వచ్చారు. అరుగు ఎత్తు నా మోకాలి దాకా. కుక్క మూతి కూడా సరిగ్గా అంతే ఎత్తు.

మేము తిరిగొచ్చేసరికి ఒక డోలు, దాన్ని కొట్టే చెయ్యి మాత్రం మిగిలాయి. కుక్క మూతి నాక్కుంటూ తోక ఊపింది. ఇన్నాళ్ళకు తన వంతు వచ్చిందనే అది అనుకుని ఉంటుంది.

నాయన దాన్ని కొట్టలేదు. అంతకంటే ఘోరమైన మాట అన్నారు. "దొంగది. దీన్ని ఇంట్లో పెట్టుకోను." చిలమత్తూరులో గొర్రెలున్న మా మేనమామకు కబురు వెళ్ళింది. ఆదివారం మామ పగ్గం తీసుకుని వచ్చాడు. సంగటి పెట్టిన చేతుల వెనకే పెరిగిన కుక్క. దానికి గొర్రెల మంద తెలీదు, ఊరి బయట చేలల్లో పడుకోవడం తెలీదు.

మామ దాని మెడకు పగ్గం వేస్తూ నవ్వాడు. "ఏమి బావా, ఇంతకాలం మా కుక్కంత రసికుడు లేడంటివి. ఇప్పుడు దొంగైపాయనా?"

"దానికి బొమ్మ విలువ తెల్సు. తెల్సీ తినింది. అదీ నాకు మంట," అన్నారు నాయన.

తెలిసీ తిన్నదట! నా చెవులు వేడెక్కాయి. మామ ముందు మాట్లాడదామంటే గొంతు రాలేదు. లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి పెనుకొండ కాగితం బొమ్మలు నాలుగు తీశాను. నాయన సంచీలోంచి రంగు అంటని ఉత్త తోలు ముక్క ఒకటి తీశాను. అన్నీ వరండాలో కుక్క ముందు వరసగా పరిచాను.

"ఏమే పాప, ఏం చేస్తాండావు?" అన్నాడు మామ.

"పగ్గం వదులు మామా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మామ వదిలాడు. కుక్క కోట బొమ్మ తొక్కింది, గుర్రాన్ని తొక్కింది, నేరుగా పోయి ఉత్త తోలు ముక్క నోట కరుచుకుని మూలకు పోయి కూర్చుంది.

"రంగు ఉన్నా లేకున్నా దానికి తోలే నాయనా. అది నీ బొమ్మ ఎప్పుడూ చూడలా. తోలు తెచ్చి దాని ముక్కు ముందర ఆడించింది నువ్వు," అన్నాను.

మామ అరుగు మీద కూలబడి నవ్వాడు. "ఓరి బావా! ఇన్నాళ్ళూ నీ ఏనుగుల్ని మెచ్చుకునింది ఎవురప్పా మరి?"

నాయన నవ్వలేదు. దొంగ అన్నప్పటి కోపం ఆ ముఖంలో లేదు, పెద్దది ఏదో పోగొట్టుకున్న మనిషిలా ఉన్నారు. "పగ్గం తీసెయ్యప్పా. ఉండనీ," అని లోపలికి వెళ్ళారు.

వారం తర్వాత మళ్ళీ కుంచె పట్టారు. అగ్గిపెట్టెంత తోలు మీద మా కుక్కనే వేశారు. అలవాటు కొద్దీ దాని ముక్కు వైపు చెయ్యి చాచి, మధ్యలో ఆగారు. గుమ్మం వైపు తిరిగి, "ఏమ్మా, ఎట్లుండాది?" అన్నారు.

"ఎడమ చెవి వాలి ఉంటాది నాయనా. నువ్వు రెండూ నిలబెట్టినావు."

ఆయన కుక్కను చూశారు, బొమ్మను చూశారు. "బొమ్మలో అట్లుంటేనే అందం," అని దీపం ఆర్పేశారు. అడిగింది ఎందుకో మరి!

ఆ బొమ్మ ఇప్పుడు వరండాలో, ఏ మూతికీ అందనంత ఎత్తున వేలాడుతోంది. సాయంత్రం అయ్యేసరికి కుక్క దాని కింద కూర్చుని తలెత్తి చూస్తుంటుంది. వచ్చినవాళ్ళు ముచ్చటపడి, "తన బొమ్మను తానే గుర్తుపట్టిందబ్బా!" అంటారు. నాయన అవునని గానీ కాదని గానీ అనరు. తల పంకిస్తారు.

కుక్క చొంగ నేల మీద పడుతుంటుంది. దాన్ని తుడిచేది నేను.