ఒడ్డు మీద ఒర్రొద్దనే సారు

నల్గొండల మా బిడ్డకు ఈత నేర్పిన సారు, పోటీలకు ముందు పిల్లల కంటే కన్నోళ్లమైన మాకే ఎక్కువ చెప్పేటోడు. "ఒడ్డు మీద ఒర్రొద్దు, కేకలు పెట్టొద్దు. పిల్లలు మీ దిక్కు చూసిన్రంటే ఎనకబడ్తరు," అనేది ఆయన ఎప్పుడూ చెప్పే మాట.

మొదటి పోటీల బిడ్డ సగం దూరంల ఆగి, నీళ్లల్ల కట్టిన తాడు పట్టుకున్నది. నేను బట్టలతోనే దుంకబోయిన. సారు నా రెక్క పట్టి గుంజిండు.

"జర ఆగన్నా. దమ్ము తీసుకుంటాంది, అంతే."

గొంతు నిమ్మళంగనే ఉన్నది గని, నా రెక్క మాత్రం ఇడుస్తలేడు.

బిడ్డ తాడు ఇడిసింది. అందరి కంటే ఎనక ఒడ్డుకు చేరింది, నవ్వుకుంట.

సారు గోడకు ఒరిగి కూలబడ్డడు. "ఇరవై ఏండ్ల సంది నేర్పుతున్న అన్నా," అన్నడు మెల్లగ. "గీ భయం ఇంక నాకే పోలే."