అటుకుల పోపు వాసన

మా అమ్మకు వాసనలు తెలియడం లేదన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నాన్నకు చెప్పలేదు. నాకు తెలుసని అమ్మకూ చెప్పలేదు. రోజూ అన్నీ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. దుప్పటి మార్చేటప్పుడు తలగడ కింద ఉన్న డైరీని తీసి బల్ల మీద పెట్టేది అమ్మే. తెరిచి చూడదని నమ్మకం ఉంది. అయినా రాయలేదు.

పోయిన వానాకాలం అమ్మకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. ధవళేశ్వరంలో మా వీధిలో సగం ఇళ్లలో అదే జ్వరం. తగ్గింది, లేచి తిరిగింది. వారం తరువాత ఒక సాయంత్రం నేను వంటింటి గడప దగ్గర కూర్చుని చదువుకుంటున్నాను. అమ్మ పొయ్యికి రెండడుగుల దూరంలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పాలు అడుగంటిన వాసన నా దాకా వచ్చింది. అమ్మ తల ఎత్తలేదు. నేను లేచి స్టవ్ కట్టేశాను. అమ్మ గిన్నె వంక చూసి, నా వంక చూసి, “అయ్యో, చూడనే లేదు” అంది. పాలు అడుగంటడం ఎవరూ చూసి తెలుసుకోరు. ఆ మాట ఇద్దరం పట్టించుకోలేదు.

తరువాత కొన్ని మార్పులు వచ్చాయి. ఇడ్లీలు, దోసెలు మానేసింది. గ్రైండరు పాడైందని నాన్నతో చెప్పింది. గ్రైండరు బాగానే ఉంది. పిండి పులిసిందో, ఎక్కువ పులిసిపోయిందో మూత తీసి వాసన చూడాలి కదా. అటుకులకు ఆ బాధ లేదు. అలా మా ఇంట్లో వారానికి ఐదు రోజులు అటుకుల ఉప్మా అయింది. నాన్న ఎనిమిదింటికల్లా స్కూటరు మీద రాజమండ్రి వెళ్లాలి కాబట్టి తొందరగా అయ్యే టిఫిను మీద ఆయనకూ పెద్దగా అభ్యంతరం లేదు. “మళ్లీ అటుకులేనా?” అని అడిగేవారు, పళ్లెం లాక్కుంటూనే.

డిగ్రీ అయిపోయి నేను ఇంట్లో ఉన్న రోజులు కావడంతో అటుకులు తడపడం నా పని అయింది. మందపాటి అటుకులు చిల్లుల గిన్నెలో పోసి, కుళాయి కింద పట్టి, చేత్తో రెండుసార్లు తిప్పి, నీళ్లు ఓడ్చేసి పక్కన పెట్టాలి. నానబెట్టకూడదు. రెండు వేళ్ల మధ్య నలిపితే నలగాలి, ముద్ద కాకూడదు. ఈలోపు అమ్మ మూకుట్లో నూనె వేసి వేరుశనగ గుళ్లు వేయించి తీసేది. అవి రంగు చూసి చెప్పొచ్చు. ఆవాలు చప్పుడు చేస్తాయి. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తెలుస్తూనే ఉన్నాయి. చిక్కంతా శనగపప్పు, ఎండుమిర్చి, ఇంగువ కలిసి కమ్మటి వాసన వచ్చే ఆ అర నిమిషంలోనే. ఆ వాసన రాకముందు ఉల్లిపాయలు వేస్తే పోపు పచ్చిగా ఉంటుంది. దాటిపోతే చేదు.

మొదటిసారి అడిగిన రోజు అమ్మ నా వైపు తిరగలేదు. గరిటె కదుపుతూ, మామూలుగా, “వచ్చిందా?” అంది.

“వచ్చింది” అన్నాను.

ఉల్లిపాయలు వేసింది. అంతే. ఆ రోజు నుంచి రోజూ ఆ రెండు మాటలు. రాకపోతే “రాలేదు” అనేదాన్ని, ఇంకాసేపు వేయించేది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఇంటికి చుట్టాలు వస్తే వెనక గదిలోకి వెళ్లి పుస్తకం తెరిచేదాన్ని. కానీ ఈ మాట మాత్రం తడుముకోకుండా చెప్పేదాన్ని. ఒకసారి నాన్న స్నానాల గదిలోంచి, “ఏంటే వచ్చింది? కరెంటా?” అని అరిచారు.

“పేపరండి!” అంది అమ్మ.

ఆయన తుండుతోనే గేటు దాకా వెళ్లి, “ఏదీ? ఎక్కడ వేశాడు?” అని గోరింటాకు చెట్టు కింద వెతికారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నామో మాత్రం చెప్పుకోలేదు.

అమ్మ ఎందుకు దాస్తోందో నాకు తెలుసు. చుట్టాల ఇళ్లలో శుభకార్యం ఏదైనా పులిహోర కలపడానికి అమ్మ చెయ్యి పడాలి. ఎవరూ ఎక్కడా రాయకపోయినా అది అమ్మ హోదా. రెండేళ్ల కింద ఒక పెళ్లిలో, చూపు తగ్గిన ఒక పెద్దావిడను వంటల దగ్గర నుంచి మర్యాదగా లేపి, హాల్లో ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆవిడ చేతికి కూల్‌డ్రింకు ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ, “పాపం అంటూనే ఎలా లేపేశారో చూశావా? మనిషి లడ్డూలు చుడితే రెండొందలకీ ఒకటే సైజు వచ్చేది” అంది. అమ్మకు భయం వాసన పోయినందుకు కాదు, ఆ కుర్చీ అంటే.

మాఘమాసంలో మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క, కాకినాడలో ఉంటుంది. ఏది తిన్నా వంక పెట్టకుండా ఉండదు. అన్నం బాగుంటే పళ్లెం బాగాలేదంటుంది. సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పుతూనే విషయం చెప్పేసింది. వచ్చే నెల వాళ్ల మనవరాలికి ఓణీలు ఇస్తున్నారు.

“వంటలన్నీ కేటరింగ్ వాళ్లే. పులిహోర మాత్రం మా మరదలు చేస్తుందని అందరికీ చెప్పేశాను. మూడొందల మంది. ముందు రోజే వచ్చెయ్యాలి మరి” అంది.

అమ్మ ఒక్క క్షణం ఆగింది. “అలాగే వదినగారూ” అంది.

ఆ ఆగడం నాకు వినిపించింది. మూడు వందల మందికి పులిహోర అంటే ఇంగువ ఎంత పట్టిందో వాసన మీదే చెప్పాలి.

“ఏమే కోడలా, నువ్వూ రావాలి. ఆ గదిలో పుస్తకాలకి నువ్వు కాపలా ఉండక్కర్లేదు, అవెక్కడికీ పోవు” అంది అత్తయ్య నాతో. నేను తల ఊపాను.

మరునాడు పొద్దున టిఫిను చేసి వెళతానంది. ముగ్గురికి సరిపోయే అటుకులు డబ్బాలో ఉన్నాయి. నలుగురికి చాలవు. అమ్మ పై అరలో వెనక్కు చెయ్యి పెట్టి పాత పొట్లం ఒకటి తీసింది. వానలకు ముందు కొన్నది. పొట్లం విప్పి చిల్లుల గిన్నెలో పోసి, డబ్బాలో ఉన్నవీ వాటిమీదే పోసి, నా చేతికిచ్చింది. అటుకులు తెల్లగానే ఉన్నాయి. పురుగు లేదు, ఉండ కట్టలేదు. చూడటానికి ఏ లోపమూ లేదు.

కుళాయి తిప్పగానే వచ్చింది ముక్క వాసన. మూసి ఉంచిన బియ్యం గదిని చాలా రోజులకు తెరిచినట్టు. నీళ్లు పోసిన కొద్దీ ఎక్కువైంది. రెండుసార్లు కడగాల్సింది నాలుగుసార్లు కడిగాను. పోలేదు.

అత్తయ్య వంటింట్లోనే పీట వేసుకుని పచ్చిమిరపకాయలు తరుగుతోంది. “అటుకులు ముక్కిపోయాయమ్మా” అని నేనంటే, “పొట్లం విప్పినప్పుడు నీకు తెలియలేదా అమ్మాయ్?” అని అత్తయ్య అంటుంది. అంతటితో అమ్మ సంగతి బయటపడుతుంది. అనకపోతే ఆ అటుకులే నలుగురి పళ్లేల్లోకీ వెళతాయి. గిన్నె చెయ్యి జారినట్టు వదిలేద్దామని కూడా అనుకున్నాను. సింకులో పడితే చాలు, అందరికీ బొంబాయి రవ్వ ఉప్మా అయ్యేది. గిన్నె అంచు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వదల్లేకపోయాను. అత్తయ్య ముందు అంత చప్పుడు చెయ్యడం నాకు చేతకాలేదు.

ఈలోపు పోపు వేగుతోంది.

“వచ్చిందా?” అంది అమ్మ.

పోపు వాసన వచ్చింది. బాగానే వచ్చింది. కానీ నా చేతిలో ఉన్నదాని గురించి చెప్పడానికి మా ఇద్దరి మధ్యా మాట లేదు. మంచి వాసన వచ్చిందీ రాలేదూ అన్నంత వరకే మేము పెట్టుకున్నాం. చెడ్డ వాసనకు ఏమనాలో ఎప్పుడూ అవసరం పడలేదు. ఆగుతుందేమోనని, నా వైపు తిరిగి చూస్తుందేమోనని, “రాలేదు” అన్నాను.

అమ్మ ఇంకాసేపు వేయించింది. “ఇప్పుడు?”

“రాలేదమ్మా.”

శనగపప్పు ఎర్రబడి ముదురు రంగుకు తిరుగుతోంది. మిరపకాయల ఘాటుకు అత్తయ్య దగ్గింది. “ఏంటర్రా రానిది? ఎవరొస్తారు ఈ వేళప్పుడు?” అంది.

“గ్యాసు బండి అండి” అంది అమ్మ. మూకుట్లోకి చూసింది, నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నన్ను నమ్మాలో, తన కళ్లను నమ్మాలో తేల్చుకోలేకపోతోంది.

“గ్యాసు బండి సంగతి తరవాత, ముందు ఆ ఉల్లిపాయలు వెయ్యమ్మా, పోపు మాడి చస్తోంది” అంది అత్తయ్య.

అమ్మ ఉల్లిపాయలు వేసింది. అత్తయ్య పచ్చిమిర్చి అందించింది. పసుపు, ఉప్పు పడ్డాయి. అమ్మ చెయ్యి చాపితే నేను చిల్లుల గిన్నె ఇచ్చాను. వేడి తగిలాక ముక్క వాసన మరీ పైకి లేచింది. నేను అత్తయ్య వైపు చూశాను. కత్తిపీట మడవబోతున్న ఆవిడ చెయ్యి ఆగింది. ముక్కు కొద్దిగా ఎగబీల్చింది. అమ్మ వీపు వంక చాలాసేపు చూసింది. అమ్మ మూకుడు మీదికి వంగి, ఆవిరి మొహానికి తగిలేలా, నిమ్మకాయ పిండుతోంది. అంత దగ్గరగా వంగి కూడా ఏమీ అనకపోవడం అత్తయ్య చూసింది. తరువాత కత్తిపీట మడిచి పక్కన పెట్టింది.

పళ్లేలు పెట్టాక నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, “ఇవాళ ఏంటో అటుకులు…” అన్నారు.

“తినరా, ఆఫీసుకి టైమవట్లేదూ?” అంది అత్తయ్య. నిమ్మచెక్క ఆయన పళ్లెంలో పడేసింది. “పొద్దున్నే పెట్టింది తినడం మాని పంచాయితీ ఒకటి నీకు.”

నాన్న నిమ్మచెక్క పిండుకుని తిన్నారు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. పోపు ముదిరిందన్నది తన కళ్లతోనే చూసింది. ఇంకా ఏదో తప్పిందని కూడా అనిపించి ఉంటుంది, ఏమిటో తెలియక.

“ఎలా ఉందండీ వదినగారూ?” అంది.

నేను పళ్లెం వైపే చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య నమిలి, మింగి, మంచినీళ్లు తాగింది.

“ఏముందీ, ఎప్పట్లాగే. ఉప్పు ఒక పలుకు తక్కువ, కారం రెండు పలుకులు ఎక్కువ. ఇన్నేళ్లయినా నీ చెయ్యి మారదమ్మా. పోపు కూడా కాస్త ముదిరింది, గ్యాసు బండి మీద ధ్యాస పెడితే ముదరదూ?” అంది. “ఇంకో గరిటెడు వెయ్యి.”

అమ్మ మొహం తేటపడింది. గబగబా వెళ్లి మూకుడు తెచ్చింది. ఉప్పు సరిగ్గానే ఉంది. కారమూ సరిగ్గానే ఉంది. బాగుందని మెచ్చుకుని ఉంటే అమ్మ నమ్మేది కాదు. అత్తయ్య ఏనాడూ బాగుందనలేదు. ఆ రెండో గరిటెడు కూడా ఆవిడ మెతుకు మిగల్చకుండా తింది. నేను మాత్రం సగం తిని వదిలేశాను. అందుకు నన్ను తిట్టింది కూడా: “చూడు, చీపురుపుల్లలా ఉంది. తిండి పడేసే పిల్లకి ఒంట్లో రక్తం ఎక్కడిది?”

అమ్మ తన వాటా పెట్టుకుని తినేసరికి నాన్న వెళ్లిపోయారు. అత్తయ్య సంచి నేను పట్టుకుని ఆటో దాకా వెళ్లాను. దారిలో అడుగుతుందనుకున్నాను. ఎప్పటి నుంచి, డాక్టరుకి చూపించారా, మీ నాన్నకి తెలుసా. జవాబులు వరసగా పేర్చుకున్నాను కూడా. ఒక్కటీ అడగలేదు. ఆటో ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని, డ్రైవరును ఒక్క నిమిషం ఆగమంది. నా వైపు వంగింది.

“మిగిలిన అటుకులు నువ్వే పారబొయ్యి. ముక్కిపోయాయనకు మీ అమ్మతో, పురుగు పట్టిందను. ఇక ఓణీల నాడు పులిహోర దగ్గర మీ అమ్మ పక్కనే నిలబడు. అక్కడ మైకులూ, పిల్లలూ, గోలగోలగా ఉంటుంది. కాస్త గట్టిగా చెప్పడం నేర్చుకోవే, నీ గొణుగుడు దానికి వినపడదు.”