పెద్దమ్మ ఊ కొట్టిన పరీక్ష

ఆ రోజుల్లో మెదడు గురించి నాకు తెలియనిదంటూ లేదు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది మరి! చెన్నైలో ఒక పరిశోధనశాలలో, పెద్ద అయస్కాంతం ఉన్న స్కానర్ దగ్గర సహాయకురాలిని. మెదడు పైభాగంలో పరోటాకున్నట్టు సన్నటి పొరలుంటాయి. మనిషి వేళ్లు ఆడిస్తున్నప్పుడు ఏ పొర ఎంత పనిచేస్తుందో విడివిడిగా బొమ్మ తీయడం మా పని. లోపల పడుకున్న మనిషి తల వెంట్రుకవాసి కదిలినా పొరలన్నీ అలుక్కుపోతాయి. అందుకే మా పెద్దసారుకు మిల్లీమీటర్ సార్ అని పేరు పెట్టుకున్నాం (ఆయనకూ తెలుసు, లోలోపల సంతోషమే).

ఒకసారి పరీక్షకు రావలసిన మనిషి రాలేదు. "మా పెద్దమ్మ ఉంది సార్, కదలమన్నా కదలదు" అని గొప్పగా చెప్పేశాను. పెద్దమ్మ వ్యాసర్పాడిలో జాకెట్లు కుడుతుంది. అరవై దాటినా ఒక్క గురికే సూదిలో దారం ఎక్కిస్తుంది. ఆ చేతి నిలకడే ఆమెకు కూడు, గర్వం కూడా. ఒంటి మీద లోహం ఉండకూడదంటే ముప్పై ఏళ్లుగా తీయని ముక్కుపుడకను సబ్బునురుగు పెట్టి తీసింది. తాళి తీసి, దాని బదులు పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకుంది. "నీ పనికి గదా అమ్మీ, సామి ఏమీ అనుకోడులే" అంది.

పరీక్ష నడుస్తుండగా లోపలి మనిషితో మాట్లాడకూడదు. మొదటి రోజు నేర్పే పాఠం అది. కానీ సార్ కాఫీకి వెళ్లారు, లోపలున్నది పెద్దమ్మ, ఆ యంత్రం చేసే మోత మామూలుది కాదు. భయపడుతుందేమోనని రెండేసి నిమిషాలకోసారి మైకు మీట వేసి పలకరించాను. "పెద్దమ్మా, కదలకుండా ఉండావా?" "ఊ" అనేది లోపల్నుంచి. నేను మురిసిపోయాను.

సార్ వచ్చి తెర చూసి నెత్తి పట్టుకున్నారు. "ఏమ్మా ఇది? బొమ్మంతా అలికేసినట్టుంది!"

ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "పెద్దావిడ కదా సార్, ఒళ్లు వణుకుతున్నట్టుంది." మైకు మీట ఆపడం మరిచిపోయాను. పెద్దమ్మ అంతా వింది.

బయటికొచ్చి ముక్కుపుడక పెట్టుకుంటూ, "నీ పని చెడగొడితినే అమ్మీ" అంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా తన వేళ్లే చూసుకుంది.

మర్నాడు తల కదలికల గీత తీసి చూశాను. ఎక్కడెక్కడ నేను పలకరించానో, సరిగ్గా అక్కడల్లా గీత ఎగిరి పడింది! పెద్దమ్మకు ఎవరు పలకరించినా తల ఊపుతూ ఊ కొట్టడం అలవాటు. ఫోనులో మాట్లాడినా అంతే. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదాన్ని, నాకే తట్టలేదు. సార్‌కు చెప్పానా? లేదు. పెద్దమ్మకు చెప్పానా? అదీ లేదు. మూడు వారాలు నోరు కుట్టేసుకుని తిరిగాను, సిగ్గులేనిదాన్ని.

ఆ తర్వాత ఒక ఆదివారం పెద్దమ్మ ఇంటికి వెళితే కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. "పెళ్లి జాకెట్లు వాపసు ఇచ్చేస్తినమ్మీ. చెయ్యి వణకతా ఉండాదంట గదా, పట్టుబట్ట పాడైతే ఎట్ల?" అంది. ఇక ఆగలేకపోయాను. అక్కడే నేలమీద కూలబడి, ఏడుస్తూ, మొదట్నుంచీ చెప్పాను. చెపుతున్నంతసేపూ ఆమె తల ఊపుతూనే ఉంది. "ఊ... ఊ..."

అంతా విని, "అయ్యో పిచ్చిదానా, నువ్వు పిలిస్తివి గదా! పిలిస్తే పలకకుండా ఎట్లుండేది?" అని నవ్వింది. దుప్పటి లాగేసి, నా ఎదుటే సూదిలో దారం ఎక్కించింది. ఒక్క గురికే. మర్నాడు సార్‌కు కూడా చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు ఆ పాఠం నేనే చెపుతాను, మీట మీద చెయ్యి వేస్తే ఊరుకోను. ఇంటికెళ్లాక పెద్దమ్మకు ఫోను చేస్తాను. అవతల ఆమె తల ఊపుతూ ఉంటుందని తెలుసు. ఎవరూ చూడటంలేదు కదా అని, ఇవతల నేనూ ఊపుతాను.