మూఢం వెళ్ళాక

వీరభద్రరావు అమెరికా ఎన్నడూ చూడలేదు. అయినా అక్కడి ఒక రాష్ట్రంలో పెద్దకోర్టు జడ్జీలు ఏడుగురి పేర్లూ ప్రవర చెప్పినట్టు గడగడా చెప్పేవాడు. వాళ్ళలో నలుగురు ఎటు మొగ్గితే తన కాపురం అటు ఒరుగుతుందని అతనికి తెలుసు.

కాపురం సింగపూర్లో, టాంపినీస్‌లో పదకొండో అంతస్తు. భార్య శ్యామలాదేవి, కూతురు మహతి. ఐటీ మంచి జోరు మీదున్న రోజులు. ఏ లిఫ్టు ఎక్కినా ఒక తెలుగువాడు తగిలేవాడు. అతని కంపెనీ ఆ అమెరికా రాష్ట్రానికి సాఫ్ట్‌వేర్ రాసేది. కరెంటు ఫ్యాక్టరీలు పొగ వదలాలంటే అక్కడి ప్రభుత్వం దగ్గర కార్బన్ పర్మిట్లు కొనుక్కోవాలి. మిగిలినవి ఒకరికొకరు అమ్ముకోవచ్చు. అవి చేతులు మారినప్పుడల్లా నమోదు చేసే ప్రోగ్రాం వీరభద్రరావుది. నాలుగేళ్ళు కన్నబిడ్డలా సాకాడు దాన్ని.

బొగ్గు కంపెనీలు, వాటి వెనకే ప్రతిపక్షం కోర్టుకెక్కాయి. ఇది రుసుము కాదు, పన్ను. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు; శాసనసభని అడక్కుండా ఒట్టి ఉత్తర్వుతో పన్ను వెయ్యడానికి అతనెవరు అని వాళ్ళ వాదన.

కేసు ముదిరినప్పుడు మేనేజర్ కృష్ణప్రసాద్ పిలిచి, బ్యాంకు ప్రాజెక్టులో ఒక సీటుంది, సోమవారం చేరిపొమ్మన్నాడు. మనవాడు గుంటూరు తాలూకాఫీసు గుమాస్తా కొడుకు. సర్కారు ఒకసారి ఉత్తర్వు ఇచ్చాక దానికి తిరుగులేదని ఉగ్గుపాలతో నేర్చినవాడు. పైగా శుక్ర మూఢం. మూఢంలో కొత్త సీట్లో కూర్చోవడమేమిటని శ్యామలాదేవి. పన్నెండు రోజులు ఆగమని అతను బతిమాలుకున్నాడు. కృష్ణప్రసాద్‌దీ గుంటూరే, సరేనన్నాడు. బ్యాంకువాళ్ళకి మూఢం సంగతేం తెలుసు? బుధవారానికల్లా ఇంకొకర్ని కూర్చోబెట్టేశారు.

మూఢం ఇంకా మూడు రోజులుందనగా తీర్పు వచ్చింది. అక్కడ సాయంకాలం, ఇక్కడ మర్నాడు పాలు కాగే వేళ. నలుగురు అటు, ముగ్గురు ఇటు. పథకం చెల్లదు. వీరభద్రరావు ఆ నూటపది పేజీలూ నిలబడే చదివాడు. జడ్జీల మీద కోపం రాలేదతనికి. తన మీద తనకే అసహ్యం వేసింది.

కంపెనీ అతనికి అప్పజెప్పిన ఆఖరి పని ఆ ప్రోగ్రాంని ఆపెయ్యడం. తన చేత్తో కట్టింది తన చేత్తోనే కూల్చాడు. అదే రోజు ఉద్యోగం పోయింది, దాంతోపాటే సింగపూర్లో ఉండనిచ్చే వర్క్ పాస్ రద్దయింది. ముప్పై రోజుల్లో దేశం విడిచిపోవాలి. మహతి స్కూలు ఆఖరి పరీక్షలకి ఏడు వారాలుంది. ఒకటో తరగతి నుంచీ ఇక్కడే చదివిన పిల్ల, ఈ పరీక్ష లేకపోతే చేతిలో ఏ కాగితమూ ఉండదు.

"సెవెన్ వీక్స్ ఓన్లీ, డాడీ. వాళ్ళు కాంట్ వెయిట్, ఈజ్ ఇట్?" అంది మహతి.

మర్నాటి నుంచీ అతను ఇంకో ఉద్యోగం వేటలో పడ్డాడు.

నలభై చోట్ల అడిగాడు. కార్బన్ పర్మిట్ల అనుభవం మాకెందుకన్నారు కొందరు, నలభై ఎనిమిదేళ్ళా అన్నారు కొందరు, చాలామంది అసలేమీ అనలేదు. పిల్లని పరాయి ఇంట్లో వదిలి వెళ్ళడానికి శ్యామలాదేవి ససేమిరా అంది. ఇరవయ్యారో రోజుకి సోఫా, ఫ్రిజ్ ఎవరో చవగ్గా కొనుక్కుపోయారు. ఇక టిక్కెట్లు కొనాలి.

శ్యామలాదేవి గోడ మీది క్యాలెండరు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో గళ్ళు వెతికింది.

"శుక్రవారం దశమండీ. మూఢం కూడా లేదు."

"పోడానికి అన్నీ మంచిరోజులే శ్యామలా," అన్నాడు వీరభద్రరావు.

ఆమె క్యాలెండరు చుట్ట చుట్టి పెట్టెలో పెట్టింది. లోపలి గదిలో మహతి, తాను రాయబోని పరీక్షకి, గట్టిగా కెమిస్ట్రీ చదువుతూనే ఉంది.