పసుపు ముఖం

మా జగ్గయ్యపేట బట్టల షాపుకి ఆ స్టాండు రాకముందే దాని కబురు నందిగామ నుంచి వచ్చింది. అక్కడ మా యజమానులదే ఇంకో షాపు ఉంది. నడుమెత్తు ఇనుప కడ్డీ, దాని మీద పలక లాంటి ట్యాబు. కొనుక్కుని వెళ్ళేవాళ్ళు ఏ కౌంటర్లో కొన్నారో చెబితే తెర మీద మూడు ముఖాలు వస్తాయి. నవ్వే ఆకుపచ్చ ముఖం, మూతి తిన్నగా ఉన్న పసుపు ముఖం, ఏడ్చే ఎర్ర ముఖం. ఏదో ఒకటి నొక్కి వెళ్ళాలి. నందిగామలో అది వచ్చిన నెలకి అమ్మకాల్లో పనిచేసే ఇద్దరు కనిపించకుండా పోయారని విన్నాం. మానేశారో, మాన్పించారో ఎవరూ తేల్చి చెప్పలేదు.

మా దగ్గర దాని పక్కన నిలబడే పని నాకిచ్చారు. చదవడం రానివాళ్ళను, కళ్ళజోడు మరిచిపోయి వచ్చినవాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది నేను నొక్కాలి. మేనేజరు అందరి ముందూ నవ్వుతూ, ఈ అమ్మాయి ప్రతి ఆదివారం మందిరంలో పిల్లలకి వాక్యం చెబుతుంది, చచ్చినా అబద్ధం ఆడదు అన్నాడు. నాకు సంతోషం కలిగింది. ఎదుటివారి మాటకి ఒకటి కలపకూడదు, ఒకటి తీయకూడదు అని వింటూ సంఘంలో పెరిగినదాన్ని. ఆ పని దేవుడే నా చేతిలో పెట్టాడనుకున్నాను.

చీరల కౌంటర్లో పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చే ఒక అక్క ఉండేది. భర్త రెండేళ్ళుగా మంచంలో ఉన్నాడు, కూతురు ఇంటర్ చదువుతోంది. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఒక్క చీర కోసం కొట్టంతా విప్పించినా ముఖం మాడ్చేది కాదు. ఆమె దగ్గరికి వచ్చేది ఎక్కువగా పల్లెలవాళ్ళు, పెళ్ళి బట్టలకి. మధ్యాహ్నం దాకా కూర్చుని, నచ్చినవే ఏరుకుని, మోయలేనన్ని సంచులతో నా ముందుకి వచ్చేవారు.

"ఎలా ఉందండీ మా దగ్గర?" అని అడిగేదాన్ని.

"పర్లేదమ్మా," అనేవారు.

నేను పసుపు ముఖం నొక్కేదాన్ని. బాగుందని వాళ్ళు అనలేదు, బాలేదనీ అనలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఆ ముఖమే. ప్యాంట్లూ షర్టుల వైపు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ లారీల డ్రైవర్లు వచ్చేవారు. వాళ్ళు నన్ను అడగనిచ్చేవారు కాదు, బొటనవేలితో ఆకుపచ్చది నొక్కేసి మెట్లు దిగిపోయేవారు.

రెండో వారానికల్లా మేనేజరు గదిలోని తెర మీద చీరల కౌంటరు తాలూకు పసుపు గీత పైకి లేవడం మొదలైంది. ఏదో పని మీద లోపలికి వెళ్ళినవాళ్ళు చూసి వచ్చి గుసగుసలాడుకునేవారు. పైవాళ్ళకి పసుపు కూడా ఎరుపుతో సమానమేనని అప్పుడు తెలిసింది. నందిగామలో కనిపించకుండా పోయిన ఇద్దరికీ ఎర్ర ముఖం ఒక్కటి కూడా లేదట. అన్నీ పసుపే.

ఆ రోజు భోజనాల దగ్గర అక్క నవ్వుతూనే అంది. "మా వైపు మొక్కు మేకకి పసుపు రాసి, మెళ్ళో దండేసి ఊరంతా తిప్పుతారు. పెళ్ళనుకుంటది పిచ్చిది."

అందరూ నవ్వారు. నేను సగంలోనే లేచాను. చేతులు కడుక్కునే చోట ఆమె నన్ను ఆపింది.

"నాకెన్ని పసుపులు రాసావే చెల్లీ?"

"చెప్పకూడదక్కా."

"పోనీ చెప్పకు. మావోళ్ళు పర్లేదంటే బాగుందనేగా. ఆకుపచ్చది నొక్కితే నీ దేవుడేమన్నా కొడతాడా?"

"వాళ్ళు అనని మాట నేనెట్టా నొక్కుతా?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ప్రార్థనలో నేను నిబ్బరం అడిగాను. దొరికింది కూడా. ఇప్పుడు ఆ నిబ్బరాన్ని తలుచుకుంటేనే భయం వేస్తుంది.

ఆదివారం మందిరంలో సాక్ష్యాలు చెప్పే వేళ ఒక పెద్దాయన లేచాడు. మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి, బతుకుతాడో లేదో అనుకున్న మనిషి. ఇప్పుడెలా ఉందని పాస్టరుగారు అడిగారు. "పర్లేదయ్యా," అన్నాడు. అంతే. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. సంఘమంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను, అన్నాక ఆ మాట షాపు గుమ్మంలో ఎన్నిసార్లు విన్నానో గుర్తొచ్చింది.

మేలు జరిగితే దాన్ని గట్టిగా చెప్పుకోవడానికి మా వైపు జంకుతారు. దిష్టి తగులుతుందని కొందరు, గర్వమవుతుందని కొందరు, నిండిన మాటని సగం చేసి బయటపెడతారు. అమ్మ వండిన కూర ఎంత కుదిరినా మా నాన్న నోట వచ్చేది ఆ మాటే. నాకిది పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ, షాపు గుమ్మంలో తెలియనిదానిలా విన్నాను. పొరుగువారి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని పిల్లలకి నేర్పుతూ, రోజంతా వేలితో ఆమె మీద అదే చెబుతూ వచ్చాను.

సోమవారం షాపు తెరవకముందే వెళ్ళాను. మేనేజరు గదిలో హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన కూర్చుని ఉన్నాడు. బల్ల మీది కాగితంలో అక్క పేరు కనిపించింది. తప్పు నాదని, ఆ పసుపు ముఖాలన్నీ నిజానికి ఆకుపచ్చవని నిలబడే చెప్పాను. హెడ్డాఫీసాయన చివరిదాకా విన్నాడు. కోపం కూడా రాలేదు.

"నువ్వు అబద్ధం ఆడవనే గదమ్మా అక్కడ పెట్టింది. ఇప్పుడు స్నేహం కోసం ఆడుతున్నావు," అన్నాడు.

పదింటికి అక్కని లోపలికి పిలిచారు. బయటికి వచ్చేసరికి ఆమె చేతిలో క్యారేజీ సంచి ఉంది. ఆటోల దాకా వెంట వెళ్ళి, లోపల ఏం చెప్పానో చెప్పి, క్షమించమన్నాను. ఆమె ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది.

"రాసిచ్చావా?"

"లేదక్కా, నోటితో చెప్పా."

"నోటిమాట వినేవోళ్ళయితే ఆ డబ్బా ఎందుకు పెడతారే? రాసియ్యి. నాక్కాదు. నా జాగాలో రేపు ఇంకొకత్తి వస్తది."

ఆ రోజే నోటుపుస్తకం కాగితం చింపి, జనం ఏమన్నారో, నేనేం నొక్కానో, ఏ రోజు నుంచో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మేనేజరు చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని, స్టాండు దగ్గరికి వెళ్ళమన్నాడు.

బుధవారం చీరల కౌంటర్లోకి కొత్తమ్మాయి వచ్చింది. కీసర నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళకి రెండు గంటలు ఓపిగ్గా చీరలు విప్పి చూపించింది. వాళ్ళు నా దగ్గరికి వచ్చి పర్లేదన్నారు. నేను ఆకుపచ్చ ముఖం నొక్కాను. ముఖం నొక్కగానే ఎప్పుడూ చెరిగిపోయే తెర ఈసారి చెరగలేదు. అంతకుముందు లేని ప్రశ్న ఒకటి వచ్చింది. ఇది నొక్కింది కస్టమరా, సిబ్బందా?

సిబ్బంది అని నొక్కాను. నా వెనక మేనేజరు గది తలుపు తెరుచుకుంది.