షాహీన్ అక్క ముట్టని మౌస్

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ లేవగానే టేబుల్ కింద నుంచి వేడెక్కిన దుమ్ము వాసన కొట్టింది. ఫైర్‌వాల్ ఆపి ఉందని తెర మూలన ఎర్రగుర్తు పడింది. ప్రింటర్ పనిచెయ్యడం లేదని మా ఆయన ఆపేసి ఉంటాడు. ఆ వాసనకు షాహీన్ అక్క గుర్తొచ్చింది. అక్క పోయి రెండేళ్లు.

గిద్దలూరులో మా వీధి చివర ఆమె కంప్యూటర్ సెంటర్ నడిపేది. అక్కడ ఎప్పుడూ ఇదే వాసన. ఇంట్లోనే తెలుగు టైపింగు చేసుకుందామని నేనొక పాత కంప్యూటర్ కొంటే, బిగించడానికి ఆమే వచ్చింది. వైర్లన్నీ తగిలించింది గానీ మౌస్ మాత్రం ముట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నా కుర్చీ పక్కన నిలబడింది.

"ఫైర్‌వాల్ ఏడుందో వెతుకు."

"నువ్వే ఆన్ చేసి పో అక్కా. పొయ్యి మీద పప్పుంది."

"పప్పు దించి రా, నేనుంటా. నెట్‌లో పొయ్యే ప్రతివాడికీ నీ కంప్యూటర్లో ఏం పని? వాళ్లకు అడ్డం ఉండేది అదే. రేపు ఆగిపోతే మళ్లా నన్ను పిలుస్తావా ఏంది?"

అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఒళ్లు మండిపోయింది. కంట్రోల్ ప్యానెల్లో కనబడినవన్నీ తెరిచి మూసి, ముప్పావుగంటకు పట్టుకున్నాను. ఆన్ అన్నచోట నొక్కితే పచ్చగుర్తు పడింది. ఇంతోటిదానికా ఇంత రాద్ధాంతం అనుకున్నాను.

నెల తిరక్కుండానే ప్రింటర్ మొరాయించింది. ఫైర్‌వాల్ ఆపితే పనిచేసింది. ఆపి మరిచిపోయాను. దారిలో అక్క కనబడి "ఆన్‌లోనే ఉందా?" అంటే "ఉందక్కా" అనేశాను. పెద్దవాళ్లు అడిగితే ముందు ఊఁ అనడం మాకు అలవాటు. ఆమె నా మొహం చూసి, "సరే, ఇంటికి పోయి ఒకసారి చూడు" అంది. తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి పోయి ఆన్ చేశాను. ఓపిగ్గా చూస్తే, ప్రింటర్ ఒక్కదానికి మాత్రం దారి వదిలే వీలు కూడా అక్కడే ఉంది.

కొన్నేళ్లకు అక్కకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, సెంటర్ మూతపడింది. అన్నం కలిపేది, జడ వేసేది, చివరికి ఫోన్ ఎత్తేది కూడా ఇంట్లోవాళ్లే. చూడ్డానికి పోతే ఆమె కంప్యూటర్లో అదే ఎర్రగుర్తు. నా చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది.

"ఉండు," అంది అక్క. మాట ముద్దగా వచ్చింది. "అన్నీ మీరే చేస్తే ఇంక నేనుండేది ఎందుకు?"

చెయ్యి తీసి వెనక్కి కట్టుకున్నాను. ఆమె ఎడమచేత్తో మౌస్ పట్టింది. బాణంగుర్తు తెరంతా తిరిగింది. తప్పు చోట నొక్కింది, మూసింది, మళ్లీ వెతికింది. నోటిదాకా వచ్చిన మాట మింగాను. మా ముందు పెట్టిన చాయ్ చల్లారిపోయాక పచ్చగుర్తు పడింది.

"ఎవరు నొక్కినారు?"

"నువ్వే అక్కా."

నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం చాయ్ వేడి చేసుకు రమ్మంది.

నిన్న నేనే నొక్కబోయి ఆగాను. మా ఆయన్ను పిలిచాను.

"నువ్వే ఆన్ చెయ్యి, నాకు పనుంది" అన్నాడు.

పని చూసుకునే రమ్మన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ పక్కన నిలబడ్డాను.