తాళం వేసిన నెలల జుర్మానా

పగిలిన గోళీసోడా సీసాలు పద్దెనిమిది డజన్లు: నూట అరవై రెండు రూపాయలు. బస్సులు ఆగి, పట్నం నుంచి గ్యాస్ సిలిండరు రాక దుకాణం మూతపడ్డ డెబ్బై ఒక్క రోజులకు, రోజుకు ఐదు చొప్పున, మూడు వందల యాభై ఐదు. పులిసిపోయిన చక్కెర పాకం పద్దెనిమిది. మొత్తం ఐదు వందల ముప్పై ఐదు. అరవై తొమ్మిదిలో మొయినాబాద్ రోడ్డు మీద నాకు పోయింది ఇంత.

ఈ నష్టాన్ని నేను ఎవరినీ అడగలేదు. సీసాలు పట్టుకుపోయింది మా పోరగాళ్లే. లాఠీలు ఎదురొస్తుంటే చేతికి అందినవి అవే. "పైసలెవరిస్తర్రా?" అని అరిచాను. "తెలంగాణ రానియ్యి అన్నా, మొదటి చెక్కు నీకే!" అని ఒకడు ఉరుకుతూనే చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఆ ఊరేగింపుల్లో నేనూ గొంతు పోయేలా అరిచినవాడినే.

నేను ఒప్పుకోనిది వేరే లెక్క.

సోడా మిషన్ కోసం అంతకుముందు ఏడాది బ్యాంకు అప్పు తీసుకున్నాను. చిన్న పరిశ్రమల అప్పుకు సర్కారే పూచీ అని చేవెళ్లలో ఆ అప్పులు చూసే సర్కారు ఆఫీసు గోడ మీద రాసి ఉండేది. ఆ పూచీ బ్యాంకుకే గానీ మాకు కాదని సంతకం పెట్టే రోజు తెలిసింది. నేను ఎగ్గొడితే బ్యాంకు నష్టపోకుండా సర్కారు ఆదుకుంటుంది. సర్కారు నష్టపోకుండా నేను ఇంకొకరిని జమానతు తేవాలి. మా పక్క పొలం అన్న తన రెండెకరాల పట్టా కాగితాలు తెచ్చి ఆ ఆఫీసులో పెట్టాడు. ఆదివారం చర్చిలో పక్కపక్కన కూర్చోవడం తప్ప మా మధ్య చుట్టరికం లేదు.

నెలకు యాభై రూపాయల కిస్తీ కూడా బ్యాంకులో కాదు, ఆ ఆఫీసులోనే కట్టాలి. సమ్మెతో, గడబిడతో మూడు కిస్తీల పాటు దానికి తాళం. ప్రతిసారీ సైకిలు మీద వెళ్లి, తాళం చూసి తిరిగొచ్చాను. తెరిచిన రోజే మూడూ కట్టాను. గుమాస్తా నూట యాభై లెక్కపెట్టుకుని, "ఆలస్యానికి జుర్మానా ఇరవై రెండున్నర" అన్నాడు.

"తాళమేసింది మీరు సార్. నా జేబుల పైసలున్నయి."

"జేబుల ఉంటె కట్టినట్టా?"

"తీసుకునెటోడు లేకుంటె ఎవరికి గట్టాలె? తాళానికా?"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. గుమాస్తా నవ్వలేదు.

తర్వాతి రెండేళ్లలో అసలూ వడ్డీ మొత్తం తీర్చాను. జుర్మానా మాత్రం కట్టలేదు. దానికోసం వాళ్లు అన్న కాగితాలు ఆపేశారు. అప్పుడే ఆయనకు బావి మోటారుకు అప్పు కావాల్సి వచ్చింది. కాగితాలు లేకుంటే అది పుట్టదు. బావిలో నీళ్లుండీ వరి ఎండుతోంది. నా పట్టుదలకు ఆయన మడి ఎందుకు ఎండాలి? డబ్బు జేబులో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"అన్నా, రేపు పోయి కట్టేస్త. నీ కాయితాలు ఇస్తరు."

వదిన బియ్యం చెరుగుతూ, "గా పనేదో మొన్ననే చెయ్యకపోయినవా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పులేదు.

అన్న నా వైపు చూశాడు. "నీకు కట్టబుద్ధి అయితున్నదా?"

"లేదు."

"మరెందుకు కడుతవ్? రేపు నా మోటరు కిస్తీకి గూడ గిట్లనే తాళమేసి జుర్మానా రాస్తరు. నువ్వు కట్టింది సూపిచ్చి నా నోరు మూస్తరు. కట్టకు తమ్మీ. గని నా కాయితాలు ఇడిపియ్యి. ఎట్లనో నువ్వే సూడు, లెక్కల మనిషివి గద!"

మర్నాడు ఆఫీసరు ముందు నిలబడి, ఆ భూమికి బదులు నా సోడా మిషన్ తాకట్టు రాసుకోమన్నాను. ఆయన ఎగాదిగా చూశాడు.

"ఇరవై రెండున్నరకు పదిహేను వందల మిషన్ తాకట్టా? పిచ్చా ఏమయ్యా నీకు?"

"పిచ్చే సార్. రాసుకోండ్రి."

రాసుకున్నాడు. కాగితాలు అన్న చేతికొచ్చాయి, మోటారూ వచ్చింది. మడిలో సగం దక్కింది.

ఆ మిషన్ నేను అమ్ముకోవడానికి లేదు. దాని మీద కొత్త అప్పు పుట్టదు. అయినా బాధ లేదు. ఏటా నోటీసు పంపుతారు, పన్నెండు శాతం వడ్డీ వేసుకుంటారు. పదిహేనేళ్ల వడ్డీ నేనూ వేసి చూశాను, కూడికలో తప్పు లేదు. తప్పు మొదటి అంకెలో ఉంది. అందుకే కట్టలేదు, కట్టను. వాళ్ల లెక్కలో నా బాకీ ఈనాటికి అరవై మూడు రూపాయలు.